ప్రాథమిక ఆరోగ్య కేంద్రం(పీహెచ్‌సీ)లో డాక్టరు ఎందుకు నిలవడు?

చిన్న ఊళ్లో పుట్టిన పిల్లలు డాక్టర్లయి పల్లెలకే తిరిగొస్తారన్నది ఉత్తి ఆశ కాదు. గ్రామీణ నేపథ్యం ఉన్నవాళ్లను వైద్య విద్యలోకి ఎక్కువగా తీసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. మన దగ్గర మాత్రం ఆ ఊరు సర్టిఫికెట్‌లోనే మిగులుతోంది. ఇంటర్‌కే హాస్టల్, మొదటిసారి నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్, ఆపైన హౌస్‌సర్జన్సీతో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. నర్సీపట్నం నుంచో నారాయణఖేడ్ నుంచో బయల్దేరిన కుర్రాడు డాక్టరయ్యేసరికి ఊరొదిలి ఎనిమిదిన్నరేళ్లు. ఈలోపు అతను చూసిన రోగుల్లో చాలామంది ఎవరో పరీక్షించి, జబ్బు పేరు రాసి, పెద్దాసుపత్రికి పంపినవాళ్లే. హౌస్‌సర్జన్సీలో ప్రజారోగ్యం నేర్పే కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలున్నాయి. పీజీ పరీక్షకు చదువుకోవడానికి దొరికే తీరిక అదేనని ప్రతి బ్యాచ్‌కూ తెలుసు.

అలాంటి డాక్టరు ముందుకు ఒక వానాకాలం రాత్రి పాముకాటు కేసు వస్తుంది. రెండు మి.లీ. రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పింజర పాము విషం ఎక్కినట్టే లెక్క. విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనమ్ 10 వయల్స్ సెలైన్‌లో కలిపి గంటలోపు ఎక్కించాలి. రియాక్షన్ వస్తే కండకు ఇవ్వడానికి అడ్రినలిన్ అర మి.లీ. ముందే సిరంజిలో ఉండాలి. తప్పులు ఎక్కువగా ఆ గొట్టం దగ్గరే జరుగుతాయి. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, డిటర్జెంట్‌తో కడిగిన గాజు గొట్టంలో పోసినా మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. పిల్లలకు యాంటీ వీనమ్ డోసు తగ్గించడం ఇంకో పొరపాటు. కరిచింది చిన్నపిల్లాణ్నని పాము విషం తగ్గించదు కదా! కట్లపాము మరీ మాయదారిది. కాటు గుర్తే కనపడదు. నేలమీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తాడు, చూస్తే రెప్పలు వాలిపోతుంటాయి. గ్యాస్ బిళ్ల ఇచ్చి పంపితే ప్రాణం పోతుంది. 108లో ఎక్కించేటప్పుడు అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) పట్టుకున్న మనిషి పక్కనే కూర్చోవాలి.

పాముకాటు ఎప్పుడో వస్తుంది. రోజూ వచ్చేవి బీపీ, షుగరు, ఒళ్లునొప్పులు. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పులకు డెక్సా అనే స్టెరాయిడ్ సూదులు వేయించుకునే రైతుకు షుగరు దిగదు. మందు డోసు పెంచడం క్షణం పని, కానీ సూది సంగతి రాబట్టాలంటే అదే డాక్టరు ఆ మనిషిని నాలుగోసారైనా చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలోనైతే కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ రాసేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడక తప్పదు. పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్లు తొమ్మిదింటి ఓపీకి రారు. పది రోజుల బీపీ బిళ్లలే ఇస్తే నెలకు మూడు రోజుల కూలి పోతుంది, మూడో నెలకు మందు మానేస్తారు. ఒకేసారి 30 రోజులకు ఇవ్వడం కూడా వైద్యమే. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఇదంతా.

2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఫ్యామిలీ డాక్టర్ విధానం తెచ్చింది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఓపీలో ఉంటే మరొకరు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లాలి, ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు. ఆలోచన మంచిదే. కానీ బండి ఎక్కింది ఫ్యామిలీ మెడిసిన్ చదవని ఎంబీబీఎస్ డాక్టరు, అదీ పీజీ సీటు వచ్చేదాకా ఉండే డాక్టరు. పోనీ మూడేళ్లు ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (పీజీతో సమానమైన కోర్సు) చేసి వచ్చినా, పీహెచ్‌సీలో అతని హోదా సివిల్ అసిస్టెంట్ సర్జనే. (సర్జరీ చేయని చోట సర్జన్ ఏమిటో!)

2024లో ఆంధ్రప్రదేశ్ జీవో 85 పీజీ ఇన్-సర్వీస్ కోటాను (ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లను) కోసినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు, 2025లో మళ్లీ దిగారు. కోపం న్యాయమైనదే, మాట ఇచ్చి చేర్చుకుని నడిమధ్యలో మార్చితే ఎవరికైనా మండుతుంది. అయితే వాళ్లు పోరాడింది బయటికెళ్లే దారి కోసం. రేడియాలజీకో ఆర్థోకో వెళ్లినవాళ్లు మళ్లీ పీహెచ్‌సీ ఓపీలో కూర్చోరు. కూర్చోబెట్టినా ఆ చదువు అక్కడ వృథా.

జిల్లా ఆసుపత్రుల్లో డీఎన్‌బీ కోర్సులు నడపొచ్చు. ఫ్యామిలీ మెడిసిన్‌లో రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. ఇన్-సర్వీస్ సీట్లలో కొన్నిటిని దీనికే కేటాయించి, చదువు ముగిశాక స్పెషలిస్టు జీతంతో అదే పీహెచ్‌సీకి పంపితే ఉండేవాళ్లు ఉంటారు. ఐదేళ్లపాటు బదిలీ వద్దు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే పక్క మండలంలోనే ఇంకో పోస్టింగ్ ఇవ్వాలి. క్వార్టర్స్‌లో నీళ్లు రావాలి, రాత్రి డ్యూటీకి ఒక్క నర్సునే కాక వాచ్‌మన్‌ను కూడా పెట్టాలి. స్టోర్‌రూమ్‌లో నాలుగు పొడి గాజు గొట్టాలు ఎప్పుడూ ఉండాలి.