లినక్స్ వేస్తే గేమింగ్ పీసీ పనికిరాకుండా పోతుందా?

గుంటూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నుంచి చుట్టాల గ్రూపుల దాకా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "విండోస్ 10 పని అయిపోయింది. పాత గేమింగ్ పీసీలో లినక్స్ వేస్తే ఆటలు ఆడవు, గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు, అన్నీ కమాండ్లు కొట్టాలి, డేటా మొత్తం పోతుంది. కొత్త పీసీ కొనడమే దారి." ఇది నమ్మి, పిల్లాడి కోసం అప్పు చేసి బ్రాడీపేటలో అసెంబుల్ చేయించిన పీసీని అయినకాడికి అమ్మేద్దామనుకుంటున్న తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ల డబ్బు వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను. లినక్స్ అంటే విండోస్‌కు బదులు వాడుకునే మరో ఆపరేటింగ్ సిస్టమ్.

మొదటి మాటలో సగం నిజం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. 7వ తరం ఐ5 ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. కానీ ఆగింది అప్‌డేట్లు మాత్రమే. ప్రాసెసర్, ర్యామ్ నిన్నటిలాగే ఉన్నాయి.

"ఆటలు ఆడవు" అన్నది పదేళ్ల కిందటైతే చాలావరకు ఒప్పుకునేవాణ్ణి. 2018లో వాల్వ్ కంపెనీ ఆటలు అమ్మే తన యాప్ స్టీమ్‌లో ప్రోటాన్ అనే సదుపాయం పెట్టాక పరిస్థితి మారింది. విండోస్ కోసం రాసిన ఆట, బొమ్మలు గీయమని విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్‌ఎక్స్‌లో అడిగేవాటిని, లినక్స్‌కు తెలిసిన అలాంటి పద్ధతే అయిన వల్కన్‌లోకి అప్పటికప్పుడు మార్చి అందించడం దాని పని. 2022లో వాల్వ్ అమ్మకానికి తెచ్చిన స్టీమ్ డెక్ నడిచేది లినక్స్ మీదే. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2లకైతే ప్రోటాన్ కూడా అక్కర్లేదు, నేరుగా లినక్స్‌కే ఉన్నాయి.

అయితే మెసేజ్ నిజంగా హెచ్చరించాల్సిన సంగతి ఒకటుంది, దాన్నే వదిలేసింది. మోసం పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు లినక్స్‌లో నడవవు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ, ఈమధ్య వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీలు ఆ జాబితాలోవే. అపెక్స్ లెజెండ్స్ అంతకుముందు ఆడేది, 2024లో కంపెనీయే తలుపు మూసింది. అదే ఏడాది జీటీఏ ఆన్‌లైన్ కూడా పోయింది, జీటీఏ 5 కథ మాత్రం హాయిగా ఆడుకోవచ్చు. ఇందులో కంప్యూటర్ లోపం ఏమీ లేదు. ప్రధాన యాంటీ చీట్ కంపెనీలు 2021లోనే ప్రోటాన్‌కు వీలు కల్పించాయి, దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్ల ఇష్టం. కాబట్టి ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఏ ఆటలు ఆడతాడో రాయించండి. ఒక్కో పేరును, ఏ ఆట లినక్స్‌లో ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో వెతకండి. రోజూ స్నేహితులతో వాలరెంట్ ఆడేవాడైతే పూర్తిగా మారొద్దు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

గ్రాఫిక్స్ కార్డు సంగతి. ఏఎండీ కార్డులను నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్లు) లినక్స్‌తోపాటే వస్తాయి. ఎన్‌విడియా అయితే లినక్స్ రకాల్లో ఒకటైన మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి, సిఫారసు చేసినదాన్ని ఎంచుకుని, రీస్టార్ట్ చేస్తే సరి. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న జీటీఎక్స్ 1050 టీఐకి 580 సిరీసే చివరి డ్రైవర్, అది బాగానే పనిచేస్తుంది. జీటీ 710, 730 లాంటి కార్డుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ప్రోటాన్ ఇప్పుడు అడిగే వల్కన్ 1.3 వాటికి లేదు.

కమాండ్ల భయం పెట్టుకోనక్కర్లేదు. మింట్‌లో స్టీమ్‌ను సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దించుకోవచ్చు. స్టీమ్ సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ కింద ప్రోటాన్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.

డేటా ఊరికే పోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపెయ్యమన్న ఆప్షన్ నొక్కినా, డిస్క్‌లో తప్పు భాగాన్ని ఫార్మాట్ చేసినా పోతుంది. అందుకే ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి వైఫై, సౌండ్, బ్లూటూత్ వస్తున్నాయో లేదో చూడొచ్చు.

ఇక కొత్త పీసీయే దారి అన్న మాట. అదీ కాదు, పాతదాంట్లోనే రెండూ ఉంచుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో డిస్క్ తగిలించే సాటా పోర్టు ఖాళీగా ఉంటే విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని లినక్స్ అందులో వేయించండి. వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ తీసేయమనండి, అప్పుడు పొరపాటున చెరిగిపోతుందన్న టెన్షన్ ఉండదు. తర్వాత కేబుల్ మళ్లీ పెట్టేసి ఏది కావాలంటే దాంట్లోకి బూట్ కావచ్చు. ఆటలను మాత్రం లినక్స్ డిస్క్‌లోకే దించండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ నుంచి ప్రోటాన్‌తో ఆడిస్తే కొన్ని ఆటలు మొదలే కావు, అది చూసి లినక్స్ పనికిరాదని తేల్చేసేవాళ్లు చాలామంది.