కట్ట కిందికి ఊరొచ్చింది, రేటింగు మారలేదు

అమెరికాలోని హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో కలోకో అనే చెరువు ఉండేది. 1890 ప్రాంతంలో చెరకు తోటల కోసం మట్టికట్ట పోసి కట్టుకున్నది. కాలక్రమంలో ప్రైవేటు చేతుల్లో మిగిలింది. వారాల తరబడి ముసురు పట్టిన తర్వాత 2006 మార్చి 14న తెల్లవారకముందే ఆ కట్టకు గండి పడింది. దిగువన ఏడుగురు ప్రాణాలు పోయాయి. ప్రభుత్వ రికార్డుల్లో అప్పటికి దాని రేటింగు ‘తక్కువ ముప్పు’.

ఈ రేటింగును చాలామంది ఫ్రిజ్ మీద అంటించే స్టార్లలా చదువుతారు. తక్కువ ముప్పు అంటే కట్ట గట్టిదనుకుంటారు. నిజానికి అది కట్ట వంక చూడనే చూడదు. తెగితే కింద ఏం పోతుందన్నదే దాని లెక్క. మనుషులు పోతారనుకుంటే ‘ఎక్కువ’. రోడ్లు, ఆస్తుల దగ్గర ఆగితే ‘మధ్యస్థం’. యజమాని పొలం దాటి పెద్దగా నష్టం లేదంటే ‘తక్కువ’. బొరియలు పడి, చెట్లు మొలిచి, ఇవాళో రేపో అన్నట్టున్న కట్ట కూడా కింద బీడు భూములుంటే మూడో జాబితాలోనే ఉంటుంది.

ఆ బీడు లేఅవుట్ అయినప్పుడే అసలు చిక్కు. ఇళ్లు లేస్తాయి, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు, ఫైల్లో మాత్రం పాత మాటే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు ఎన్నేళ్లకు రావాలి, అలుగు (నిండిన చెరువు నీళ్లు కట్ట మీదికి రాకుండా పొర్లిపోయే దారి) ఎంత వరదను తట్టుకోవాలి, ఊరు ఖాళీ చేయించే ప్లాను ఉండాలా అన్నవన్నీ అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఆ మాట మీదే ఆధారపడతాయి. 2013లో టెక్సాస్ ఇంకో అడుగు వేసి, మూడున్నర లక్షల లోపు జనాభా ఉన్న కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ‘ఎక్కువ ముప్పు’ లేని చిన్న ప్రైవేటు కట్టలు చాలావాటిని భద్రతా నిబంధనల నుంచే తప్పించింది. అమెరికాలో 90 వేలకు పైగా ఉన్న డ్యాముల్లో సగానికి మించి ప్రైవేటువే కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

కలోకోను రాష్ట్ర ప్రభుత్వం ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదు. అలుగును మట్టితో పూడ్చేసి ఉంటారని తర్వాతి విచారణ తేల్చింది. చెరువు కింద బతికినవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. కాంక్రీటు గోడ మీద నుంచి నీళ్లు దూకితే కాసేపైనా ఓర్చుకుంటుంది. మట్టికట్ట ఓర్చుకోదు. వెనక వాలు కోసుకుపోతూ గంటల్లోనే గండి పడుతుంది. కలోకో యజమానికి 2014లో ఏడు నెలల జైలుశిక్ష పడింది.

మిషిగన్ రాష్ట్రంలోని ఈడెన్‌విల్ డ్యామ్ కూడా ప్రైవేటుదే. అది ‘ఎక్కువ ముప్పు’ జాబితాలో ఉండేది. అలుగు సామర్థ్యం చాలదని ఎన్నేళ్లు మొత్తుకున్నా యజమాని కదలకపోవడంతో 2018లో కేంద్ర నియంత్రణ సంస్థ జలవిద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. అయినా కట్ట బాగుపడలేదు, 2020 మే 19న తెగింది. కానీ దాదాపు పది వేల మందిని ముందే తరలించారు, ఒక్క ప్రాణమూ పోలేదు. రేటింగు కట్టను కాపాడలేదు గానీ జనానికి టైమిచ్చింది.

మన దగ్గర 2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు లోబడినవాటికీ వర్తిస్తుంది. చెరువుకట్టలు చాలావరకు ఆ లెక్కలోకే రావు. పూర్వం చెరువును కనిపెట్టుకునే నీరటికాడు కట్ట కింద నడుస్తూ ఊట తేటగా వస్తోందా, బురదగా వస్తోందా చూసేవాడు. బురదొస్తే లోపల మట్టి కదిలినట్టే, వెంటనే ఊరంతా కట్ట మీదకు రావాల్సిందే. ఆ కళ్లు ఇప్పుడు లేవు. కట్ట కింద ప్లాట్లు మాత్రం ఉన్నాయి.

మేం అడిగేది పెద్ద ఖర్చున్న పని కాదు. అక్కడైనా ఇక్కడైనా, కట్ట దిగువన లేఅవుట్‌కు అనుమతిచ్చే రోజే ఆ కట్ట ముప్పు స్థాయిని తిరిగి లెక్కించాలి, అలుగును పెంచే ఖర్చులో బిల్డరు నుంచి వాటా వసూలు చేయాలి. పైన ఏ చెరువుంది, దాని యజమాని ఎవరు, తెగితే నీళ్లు ఎంతసేపట్లో వస్తాయి అన్నది కొనేవాళ్లకు సేల్ డీడ్‌లోనే రాసివ్వాలి.