రింగుల జుట్టుకు జెల్ విషమా? ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటకీ నా జవాబు

మా వదిన ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టింది. అప్పటికే అది నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇది: రింగుల జుట్టుకు జెల్ రాస్తే జుట్టు ఊడిపోతుంది. సీసా మీద ఆల్కహాల్, సిలికాన్ అన్న మాటలు కనిపిస్తే పారేయాలి. గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేస్తే ఏం కొనాలో తెలిసిపోతుంది. గ్లిజరిన్ ఉన్నది ఎవరికైనా మంచిదే. అసలు ఏదీ కొనక్కర్లేదు, తలస్నానం అయ్యాక కొబ్బరి నూనో, ఇంట్లో కాచిన అవిసె గింజల జెల్లో రాస్తే చాలు, వాటిలో కెమికల్స్ ఉండవు.

అది చదివి మా మేనకోడలు జెల్ సీసా చెత్తబుట్టలో పడేసింది. దానికి పదిహేడేళ్ళు. చిన్నప్పటి నుంచీ 'పిచ్చుకగూడు' అనిపించుకున్న పిల్ల, ఈ మధ్యే ధైర్యం చేసి జుట్టు వదులుగా వేసుకుని కాలేజీకి వెళ్తోంది. ఇప్పుడు మళ్ళీ లాగిపెట్టి జడ వేసుకుంటోంది. నాదీ అదే జుట్టు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

జెల్ రాస్తే జుట్టు ఊడుతుందా?

మొన్న నేను విశాఖ వెళ్ళినప్పుడు మేనకోడలు ఆదివారం తలస్నానం చేసి, పిడికిట్లో నిమ్మకాయంత జుట్టు ఉండతో వచ్చింది. "చూడు అత్తా, ఎంత ఊడిందో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జెల్ మానేసి అప్పటికి పది రోజులు. "చివరిసారి చిక్కు ఎప్పుడు తీశావే?" అని అడిగితే బుధవారం అంది.

ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు వాటంతట అవే రాలతాయి. సాఫీ జుట్టు వాళ్ళకు అవి రోజూ కాసిని దువ్వెనలోకి, కాసిని దిండు మీదకి వచ్చేస్తాయి కాబట్టి లెక్క తెలియదు. మనం పొడి జుట్టు దువ్వం, దువ్వితే రింగులు చెదిరిపోతాయి. రాలిన వెంట్రుక కింద పడకుండా పక్క రింగుల్లోనే చిక్కుకుని ఉంటుంది. నాలుగు రోజులవి ఒక్కసారి చేతిలోకి వస్తే రెండు, మూడు వందలు ఉంటాయి. ఎవరికైనా గుండె జారుతుంది.

ఆ ఉండను తెల్ల తువ్వాలు మీద విడదీసి చూశాం. చాలా వెంట్రుకలకు ఒక చివర ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బొడిపె ఉంది. అంటే కాలం తీరి కుదురు నుంచి వచ్చినవి. మధ్యలో తెగినవాటికి ఆ బొడిపె ఉండదు. తెగినవి ఎక్కువగా కనిపిస్తే దువ్వే పద్ధతి, హీట్, కలరింగ్ సంగతి చూసుకోవాలి. బొడిపె ఉన్నవే రోజురోజుకీ పెరుగుతున్నా, పాపిడి వెడల్పవుతున్నా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా అలా రాలుతుంది.

బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. దాని మీద రాసిన జెల్ కుదురు దాకా వెళ్ళి పని చేయదు. ఎటొచ్చీ, జెల్ రాసి వెనక్కి బిగించి ముడి వేసేవాళ్ళకు నుదుటి దగ్గర పలచబడటం నిజమే. అది లాగడం వల్ల. మా మేనకోడలు మళ్ళీ మొదలుపెట్టిన బిగుతు జడ వల్ల కూడా సరిగ్గా అదే జరుగుతుంది.

ఆల్కహాల్, సిలికాన్

సెటైల్, స్టియరిల్, సెటియరిల్ ఆల్కహాల్ అని ఉంటే భయపడకండి. పేరొక్కటే కలిసింది. ఇవి మైనంలాంటి తెల్లటి పదార్థాలు. కొబ్బరి, పామ్ నూనెల నుంచి కూడా తీస్తారు. కండిషనర్‌కు, క్రీముకు ఆ మెత్తదనం వచ్చేది వీటివల్లే. ఆరబెట్టేవి వేరు: ఆల్కహాల్ డీనాట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అవి కూడా సీసా మీద ఉండే పదార్థాల పట్టీలో మొదట్లో ఉంటేనే పట్టించుకోవాలి. 1 శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది మన దేశంలోనూ నియమం. చివర్లో ఉన్నది చిటికెడే.

సిలికాన్ మాటకు ఒక చరిత్ర ఉంది. షాంపూ మానేసి కండిషనర్‌తోనే తల రుద్దుకోమనే పద్ధతిని లొరైన్ మాసీ అనే హెయిర్ స్టయిలిస్ట్ 2001లో అమెరికాలో పుస్తకంగా తెచ్చారు. జుట్టుకు నునుపు కోసం కలిపే డైమెథికోన్ లాంటి సిలికాన్ వట్టి నీళ్ళతో పోదు. కాబట్టి షాంపూ వాడనివాళ్ళకు అది పేరుకుపోయి జుట్టు బరువెక్కుతుంది. వాళ్ళ వరకు ఆ నియమం సబబే. వారానికోసారి షాంపూతో శుభ్రంగా తలస్నానం చేసే మనకు అది వచ్చేసరికి సగం మాట ఊడిపోయి 'సిలికాన్ విషం' అని మిగిలింది.

గ్లాసు నీళ్ళ పరీక్ష

తేలితే తేమ పీల్చని జుట్టు, మునిగితే పీల్చే జుట్టు అంటారు. వెంట్రుక సాంద్రత నీటికన్నా ఎక్కువ, సుమారు 1.3 రెట్లు. అది తేలుతోందంటే పైన నూనె ఉండవచ్చు, గాలి బుడగ అంటుకుని ఉండవచ్చు, లేదా నీటి పైపొర మోస్తూ ఉండవచ్చు. రాసిన కండిషనర్‌ను బట్టి కూడా ఫలితం మారిపోతుంది. దీన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టకండి. ఒక వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంటే బరువైన బటర్ క్రీములు దాన్ని అణిచేస్తాయి, నురగలా ఉండే మూస్ గానీ పల్చటి జెల్ గానీ చాలు. దారంలా తగిలితే కింద క్రీమ్, పైన జెల్ తట్టుకుంటుంది.

గ్లిజరిన్ అందరికీ మంచిదేనా?

నన్నడిగితే ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా నష్టం చేసే మాట ఇదే, ఎందుకంటే వినడానికి మంచి సలహాలా ఉంటుంది.

జుట్టు తడిసినప్పుడు లోపలి ప్రొటీన్ పోగుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. ఆరేటప్పుడు, అప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ కడతాయి. స్టైలింగ్ జెల్ చేసేదల్లా అంతే, ఆరేదాకా రింగును కదలనివ్వకుండా సన్నటి పొరలా పట్టుకుంటుంది. పోషణ, మరమ్మతు దాని పనులు కావు. అందుకే కారుతున్న తడి మీదే రాయాలి. పొడి జుట్టు మీద జెల్ రాసి పనిచేయలేదనేవాళ్ళను చాలామందిని చూశాను.

గాలిలో తేమ ఎక్కువుంటే అదే నీరు ఆవిరి రూపంలో లోపలికి దూరి, కట్టిన బంధాలను మళ్ళీ వదులు చేస్తుంది. జుట్టు లేచిపోవడం అంటే ఇదే. గ్లిజరిన్ తేమను లాగుతుంది. విశాఖలో ఆగస్టు ఉక్కలో, పట్టీలో రెండో మూడో పేరుగా గ్లిజరిన్ ఉన్న క్రీమ్ రాస్తే అది ఆ గాలిలోని నీటిని పిలిచి మరీ జుట్టుకు ఇస్తుంది. హైదరాబాద్ ఏప్రిల్ పొడి ఎండలో దానికి లాగడానికి తేమే దొరకదు. నేను హైదరాబాద్‌లో శీతాకాలమంతా హాయిగా వాడిన క్రీమ్ విశాఖ బీచ్ రోడ్డులో అరగంట నిలవలేదు. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు గ్లిజరిన్ పట్టీలో వెనక్కి ఉన్నదీ, పట్టు గట్టిగా ఉన్న జెల్‌నూ చూసుకోవాలి.

గట్టి జెల్ ఆరాక జుట్టు అప్పడంలా పెళుసుగా అవుతుంది. మేనకోడలు మొదటిసారి అది చూసి కంగారుపడింది. పూర్తిగా ఆరనిచ్చి, అరచేతుల్లోకి తీసుకుని కింద నుంచి పైకి పిండితే ఆ పొర చిటపటమని విరిగి లోపల మెత్తటి రింగులు మిగులుతాయి. సగం తడిలో పిండితే చేజేతులా పాడుచేసుకున్నట్టే.

కొబ్బరి నూనె, అవిసె గింజలు

కొబ్బరి నూనెను నేను తక్కువ చేయను. అది వెంట్రుక లోపలికి వెళ్ళి ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదని మన దేశంలో చేసి 2003లో ప్రచురించిన ఒక పరిశోధన చూపింది. తలస్నానానికి ముందు పెట్టుకోండి. స్నానం తర్వాత ఒకటి రెండు చుక్కలు మెరుపు ఇస్తాయి. రింగును పట్టుకునే పని మాత్రం నూనె చేయలేదు, అది పొరలా గట్టిపడదు కదా.

అవిసె గింజల జెల్ నిజంగా పనిచేస్తుంది. నీళ్ళలో మరిగిస్తే గింజల జిగురు దిగి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి, చల్లారితే దిగదు. కానీ 'కెమికల్స్ లేవు' అని గొప్పగా చెప్పుకునే చోటే దాని ఇబ్బంది ఉంది. నిల్వ ఉంచే పదార్థం లేని ఆ జిగురు, గంజి పులిసినట్టు పాడవుతుంది. బయట రెండు రోజులు కూడా నమ్మలేం. ఫ్రిజ్‌లో నేను వారం దాటనివ్వను. వాసన మారినా, సాగడం ఆగి నీళ్ళలా పలచబడినా తలకు రాయొద్దు.

మా పిల్ల ఇప్పుడు డబ్బా మీద కాచిన తేదీ రాసి చీటీ అంటిస్తోంది. కాచే తీరిక లేని వారం కొన్న జెల్ రాసుకుంటోంది, జుట్టు వదులుగానే వేసుకుని వెళ్తోంది. వదిన గ్రూపులో ఆ ఫార్వర్డ్ కిందే పిల్ల ఫోటో పెట్టింది.