క్రోమ్ కాకపోతే మరేది?

ఆండ్రాయిడ్ ఫోను వాడేవారిలో చాలామంది బ్రౌజర్‌ను ఏరి కోరి ఎంచుకున్నవారు కారు. పెట్టె విప్పేసరికే గూగుల్ వారి క్రోమ్ అందులో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే దానిలోనే తెరుచుకుంటుంది. ఇక వేరొకటి ఉందన్న ఆలోచనే రాదు. ఇలా తన యాప్‌లన్నిటినీ కట్టగట్టి ఫోన్ల తయారీదారులకు అంటగట్టడం చెల్లదంటూ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై రూ.1,337.76 కోట్ల జరిమానా విధించింది. మరుసటి మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ కూడా ఆ జరిమానాను సమర్థించింది. కమిషన్ జరిమానాతో పాటు కొన్ని ఆదేశాలూ ఇచ్చింది. అయినా బ్రౌజర్ మార్చుకోవాల్సింది మనమే.

బ్రౌజర్లను పోల్చేటప్పుడు సాధారణంగా వేగం, మెమరీ వాడకం, ట్యాబ్‌ల అమరిక చూసి మార్కులు వేస్తుంటారు. నా దృష్టిలో ఆ కొలతలకు కాలం చెల్లింది. పేరున్న బ్రౌజర్లన్నీ నేడు మామూలు అవసరాలకు చాలినంత వేగంగానే ఉన్నాయి. లోపలి ఇంజిన్ ఎవరి అదుపులో ఉంది, దాన్ని తయారుచేసే సంస్థ ఎవరి డబ్బుతో నడుస్తోంది అన్నవే ముందు చూడాలి.

వెబ్‌సైటు పంపే కోడును మన కంటికి కనిపించే పేజీగా మలిచేదే ఇంజిన్. ఇంకా ప్రయోగదశలో ఉన్నవాటిని పక్కనపెడితే ఇప్పుడు మిగిలినవి మూడే: గూగుల్ నడిపించే బ్లింక్, ఆపిల్ వారి వెబ్‌కిట్, మొజిల్లా వారి గెకో. ఒపెరా 2013లో తన సొంత ఇంజిన్ ప్రెస్టోను వదిలేసి గూగుల్ బాట పట్టింది. అంత ధనబలం ఉన్న మైక్రోసాఫ్ట్ సైతం 2018 డిసెంబరులో చేతులెత్తేసింది. 2020 జనవరిలో వచ్చిన కొత్త ఎడ్జ్ లోపల ఉన్నది బ్లింక్ ఇంజిన్‌తో గూగుల్ పెంచి పోషిస్తున్న బహిరంగ కోడు క్రోమియమే. బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ కూడా దానిమీదే నిలబడ్డాయి. మన దేశంలో అమ్మే ఐఫోనులో ఏ పేరుతో బ్రౌజర్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. ఆండ్రాయిడ్‌లో అందరికీ తెలిసిన పేర్లలో నిజంగా వేరైనది మొజిల్లా వారు గెకో మీద నడిపే ఫైర్‌ఫాక్స్ ఒక్కటే.

క్రోమియం కోడు బహిరంగమే కదా, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు కదా అన్న వాదన ఉంది. తీసుకోవచ్చు. కానీ అది ఏ దిక్కుకు పోవాలో నిర్ణయించేది గూగులే. బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల, అంటే ఎక్స్‌టెన్షన్ల, నిబంధనల మార్పుతో ఈ సంగతి అందరికీ అనుభవంలోకి వచ్చింది. మునుపు ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్, పేజీ బయటికి పంపే ప్రతి అభ్యర్థననూ తానే పరిశీలించి అక్కడికక్కడ ఆపగలిగేది. మ్యానిఫెస్ట్ వి3 అనే కొత్త పద్ధతిలో ఆ అధికారం పోయింది. ఎక్స్‌టెన్షన్ ముందుగా ఒక జాబితా ఇచ్చి పక్కకు తప్పుకోవాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. భద్రత కోసమే ఇదంతా అని గూగుల్ చెప్పింది. ఆ పాత అధికారాన్ని దుర్వినియోగం చేసిన ఎక్స్‌టెన్షన్లు ఉన్న మాట నిజమే. అయినా ప్రకటనలే ప్రధాన ఆదాయమైన సంస్థ, ప్రకటనలను ఆపే పరికరానికి హద్దులు గీయడాన్ని నేను మామూలు సాంకేతిక నిర్ణయంగా చూడలేను. 2025 నాటికి ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ యుబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో ఆగిపోయింది, దాని తేలికపాటి రూపం మాత్రమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపం ఇప్పటికీ పనిచేస్తోంది.

కుకీల విషయంలోనూ ఇదే తంతు. మన వెంట సైటు నుంచి సైటుకు తిరిగే మూడో పక్షం కుకీలను (సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తింపు ఫైళ్లను) రెండేళ్లలో ఆపేస్తామని గూగుల్ 2020 జనవరిలో మాట ఇచ్చింది. గడువును పదేపదే పొడిగించి 2024 జులైలో ఆ ఆలోచననే విరమించుకుంది. ఈలోగా ఆపిల్ వారి సఫారీ 2020 మార్చిలోనే వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు గదిలోనే బంధించి ఉంచుతోంది. ఇద్దరికి సాధ్యమైనది మూడోవారికి ఎందుకు సాధ్యం కాలేదో తెలియాలంటే వారి ఆదాయం ఎక్కడినుంచి వస్తోందో చూస్తే చాలు.

ఈ తేడా తెలుగు పాఠకుడికి ఫోనులో స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దగా సామర్థ్యం లేని ఫోనులో క్రోమ్ తెరిచి ఏదైనా తెలుగు వార్తా పేజీకి వెళ్లండి. నోటిఫికేషన్లు పంపమంటారా అని ముందుగా ఒక పెట్టె అడుగుతుంది. శీర్షిక కింద ఒక ప్రకటన, రెండో పేరాను చీలుస్తూ మరొకటి. మనం చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది, ఎందుకంటే పైన ఇంకో ప్రకటన అప్పుడే లోడైంది. మూలన ఒక వీడియో తనంతట తాను మొదలై, వేలితో జరిపిన కొద్దీ వెంటపడుతుంది. ఫోనులోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకునే వీలే లేదు. అదే పేజీని ఫైర్‌ఫాక్స్‌లో యుబ్లాక్ ఆరిజిన్ వేసుకుని తెరిస్తే శీర్షిక, ఫొటో, వార్త మిగులుతాయి. పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా ఆదా అవుతుంది. విలేకరి జీతం ఆ ప్రకటనల నుంచే వస్తుందన్నది నేను మరిచిపోలేదు. అందుకే పద్ధతిగా ప్రకటనలు వేసే సైట్లకు మినహాయింపు ఇవ్వాలి. ఒక్క మీట నొక్కితే ఆ సైటు వరకు అడ్డు తొలగుతుంది. ఎవరికి మినహాయించాలో నిర్ణయించే హక్కు మాత్రం పాఠకుడి దగ్గరే ఉండాలి.

ఇక స్వదేశీ బ్రౌజర్ సంగతి. కేంద్ర ఐటీ శాఖ నిర్వహించిన భారతీయ బ్రౌజర్ పోటీలో 2025 మార్చిలో జోహో వారి ఉలా మొదటి స్థానంలో నిలిచి కోటి రూపాయలు గెలుచుకుంది. జోహో ప్రకటనల మీద బతికే సంస్థ కాదు, వ్యాపార సాఫ్ట్‌వేర్ అమ్ముకునే సంస్థ. కాబట్టి ఆదాయం పరీక్షలో ఉలా బాగానే నెగ్గుతుంది. ఇంజిన్ పరీక్షలో మాత్రం నెగ్గదు, అది కూడా క్రోమియమే. ఆ పోటీ పెట్టిన ఒక షరతును మాత్రం శ్రద్ధగా చూడాలి. బ్రౌజర్‌లో సైటు అసలైనదేనని ధ్రువీకరించే డిజిటల్ సర్టిఫికెట్లపై భారత ప్రభుత్వ నియంత్రణ సంస్థ అయిన సీసీఏ మూల సర్టిఫికెట్ ఉండాలన్నది ఆ షరతు. తాళం గుర్తు కనిపించే ప్రతి సైటునూ బ్రౌజర్ నమ్మేది ఇలాంటి మూల సర్టిఫికెట్ల జాబితాను బట్టే. 2014 జులైలో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ల విభాగం పేరిట గూగుల్, యాహూ సైట్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. విండోస్ జాబితాలో సీసీఏ ఉన్నందున ఆ కంప్యూటర్లలోని చాలా ప్రోగ్రాములు అలాంటివాటిని నమ్మే పరిస్థితి ఏర్పడింది. ఆ తర్వాత గూగుల్ సీసీఏ మీద నమ్మకాన్ని కొన్ని భారతీయ డొమైన్లకే పరిమితం చేసింది. తన సొంత జాబితా ఉంచుకునే ఫైర్‌ఫాక్స్‌కు ఈ చిక్కు రాలేదు, అందులో సీసీఏ లేదు. స్వదేశీ జాబితా ఉండటం తప్పని అనను. డిజిటల్ సంతకాల పనులకు అది అవసరమే. అయితే అలాంటి జాబితాను ఎవరు తనిఖీ చేస్తారు, పొరపాటు జరిగితే ఎన్ని గంటల్లో ప్రజలకు చెబుతారు అన్నవి బహిరంగంగా ఉండాలి. అది తేలేవరకు ఉలాను ఆఫీసు పనులకు వాడటం వరకే నేను సిఫారసు చేస్తాను.

బ్రేవ్‌లో ప్రకటనలను ఆపే ఏర్పాటు బ్రౌజర్‌లోనే ఉంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు దాన్ని తాకలేదు. కానీ 2020లో అది క్రిప్టో సైట్ల చిరునామాలకు తన కమీషన్ కోడు తగిలించి దొరికిపోయింది, తర్వాత సరిదిద్దుకుంది. వివాల్డి నిజాయితీగల చిన్న సంస్థ, ట్యాబ్‌లు గుట్టలుగా పేర్చుకునేవారికి బాగుంటుంది. ఎడ్జ్‌ను ఎంచుకోవడమంటే ఒక పెద్ద సంస్థ నుంచి మరో పెద్ద సంస్థకు మారడమే. మన తరఫున పేజీలు చదివి పనులు చేసిపెట్టే కామెట్, అట్లాస్ వంటి ఏఐ బ్రౌజర్ల జోలికి బ్యాంకు లావాదేవీలు చేసేవారు ఇప్పుడే వెళ్లవద్దు. పేజీలో దాచిపెట్టిన ఆదేశాలను కామెట్ తనను వాడేవారి మాటగా భావించి ఈమెయిల్‌లోని ఓటీపీని సైతం బయటపెట్టగలదని బ్రేవ్ పరిశోధకులు 2025 ఆగస్టులో చేసి చూపించారు.

నా ఎంపిక ఫైర్‌ఫాక్స్. దాని లోపాలు తెలిసే ఈ మాట అంటున్నాను. మొజిల్లా ఆదాయంలో దాదాపు 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచి, అందులో 85 శాతం గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచి వస్తుందని ఆ సంస్థ ఆర్థికాధికారే 2025లో అమెరికా కోర్టులో చెప్పారు. నేను పెట్టిన ఆదాయం పరీక్షలో ఇది పెద్ద మచ్చ. 2025 ఫిబ్రవరిలో కొత్త వినియోగ నిబంధనలు తెచ్చి విమర్శల పాలైంది. ఒక సైటును మరో సైటు నుంచి వేరుచేసే భద్రతా ఏర్పాటు క్రోమ్‌కు 2018లోనే వస్తే, కంప్యూటర్లలోని ఫైర్‌ఫాక్స్‌కు 2021లో వచ్చింది. ఇన్ని ఉన్నా, క్రోమియంకు బయట నిలబడి ఆండ్రాయిడ్‌లోనూ, విండోస్‌లోనూ, లినక్సులోనూ పనిచేసే ఇంజిన్ ఇదొక్కటే. తెలుగులో మెనూలు కూడా ఉన్నాయి, స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి కూర్చుని అనువదించినవి. మారదలచినవారు కంప్యూటర్‌లో బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ముందు దిగుమతి చేసుకోవాలి. పాత బ్రౌజర్‌ను కొన్నాళ్లు అలాగే ఉంచుకోవాలి. మొండికేసే ఒకటి రెండు సైట్లకు అది అవసరపడుతుంది.

ఆ మొండికేసే సైట్ల గురించే నా ఆందోళన. టెండర్ల పోర్టళ్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేయని రోజులు మనకు తెలుసు. దక్షిణ కొరియాలోనైతే బ్యాంకు లావాదేవీలన్నీ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ అనే ఏర్పాటుకు ముడిపడి, దేశమంతా ఏళ్లపాటు ఆ ఒక్క బ్రౌజర్‌కే కట్టుబడిపోయింది. ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సాగనంపినా, దానికోసమే రాసిన పాత సైట్ల కోసం ఎడ్జ్‌లో ఒక ప్రత్యేక ఏర్పాటును కనీసం 2029 వరకు మోయాల్సి వస్తోంది. ఇప్పుడు 'క్రోమ్‌లో మాత్రమే తెరవండి' అన్న సూచనలు మళ్లీ మొదలయ్యాయి. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం రూపొందించిన మార్గదర్శకాల్లోనే వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పోర్టళ్లు తయారుచేయించే ఒప్పందాల్లో మూడు ఇంజిన్లలోనూ పరీక్షించాలన్న షరతు రాయాలి, పరీక్ష నెగ్గాకే బిల్లు చెల్లించాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఏ పేజీ ఆగిపోయినా పేజీ చిరునామా, తెరపై వచ్చిన సందేశం, బ్రౌజర్ వెర్షన్ జతచేసి ఆ సైటు అభిప్రాయాల విభాగానికి ఫిర్యాదు రాయండి.