అది ఉల్క కాదండీ, రాకెట్ ముక్క

2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ మీదుగా వెళ్లిన వెలుగును మీ వ్యాసంలో 'భారీ ఉల్క' అని రాశారు. అది ఉల్క కాదండీ. ఆ రోజు ఉగాది, మంచిర్యాలలో మా డాబా మీద నుంచి మేమూ చూశాం, ఒకదాని వెనక ఒకటి నిప్పు ముక్కలు తోకలతో సహా తాపీగా వెళ్తుంటే మా అత్తమ్మ దండం పెట్టుకుంది, పిల్లలేమో విమానం పేలిందని ఒకటే కేకలు. ఫోన్ తీసి వీడియో ఆన్ చేసేంత టైం దొరికింది చూడండి, అసలు తేడా అక్కడే ఉంది. నిజం ఉల్క సెకనుకు కనీసం 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, చాలాసార్లు రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది, పక్కవాళ్లని పిలిచేలోపే మాయం. కక్ష్యలోంచి జారిపడే రాకెట్ భాగం వేగం 7, 8 కిలోమీటర్లే, పైగా దాదాపు అడ్డంగా వస్తుంది కాబట్టి చాలాసేపు కనబడుతుంది, విడిపోతూ వరుసగా కాలుతుంది. అది చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ అయ్యుంటుందని, రాకెట్లు, ఉపగ్రహాల జాడ గమనించే ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ అప్పుడే చెప్పారు. చంద్రపూర్ జిల్లా సిందేవాహి దగ్గర పెద్ద లోహపు రింగు కూడా పడింది, ఉల్కల్లో రింగులుంటాయా?

దయచేసి హెడ్డింగైనా మార్చండి.