రిపోర్టు బాగుంటే రోగి బాగున్నట్టేనా?

గుండెపోటు నుంచి బయటపడ్డవారిలో గుండె మధ్యమధ్యలో లయ తప్పి కొట్టుకుంటుంటే ప్రాణాపాయం ఎక్కువ. ఆ లయను మందుతో సరిచేస్తే ప్రాణం నిలుస్తుందని 1980ల్లో చాలామంది వైద్యులు నమ్మారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మాత్రలు వాడితే ఈసీజీలో ఆ అదనపు స్పందనలు కళ్లముందే తగ్గిపోయేవి. ఇంకేం రుజువు కావాలి? కొందరికి ఈ మందు ఇవ్వకుండా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిచూడటమే అన్యాయమని వాదించినవారూ ఉన్నారు.

అయినా ఆ పోలిక జరిగింది. ‘కాస్ట్’ పేరుతో జరిగిన ఆ ట్రయల్‌లో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. ముందు మందు ఇచ్చి చూసి, ఎవరికి లయ కుదుటపడిందో వారినే అసలు పరీక్షలోకి తీసుకున్నారు. అంటే వీళ్లంతా మందు ‘పనిచేసిన’ రోగులే. లాటరీ పద్ధతిలో వారిని రెండుగా విడదీసి సగటున 10 నెలలు గమనించారు. ఈ రెండు మందుల్లో ఏదో ఒకటి వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మంది. 1989లోనే ఈ రెండు మందులనూ ట్రయల్ నుంచి తప్పించాల్సి వచ్చింది.

ఆ మందులు రాసిన వైద్యులను తప్పుపట్టలేం. గుండెపోటు వచ్చిన మనిషి కొన్ని నెలలకు కన్నుమూస్తే జబ్బే తీసుకుపోయిందనుకుంటారు తప్ప మాత్రను ఎవరు అనుమానిస్తారు? ఎంత అనుభవమున్న డాక్టరుకైనా తన దగ్గరికొచ్చే నలుగురు రోగుల్లో ఈ తేడా కనిపించదు. పక్కన మందు వాడనివారిని పెట్టి లెక్కపెడితేనే బయటపడుతుంది. (ఫ్లెకైనైడ్‌ను గుండె నిర్మాణంలో లోపం లేనివారికి ఇప్పటికీ వాడుతున్నారు. మందు చెడ్డదని కాదు, ఎవరికి ఇస్తున్నామన్నదే ప్రశ్న.)

హెచ్చరిక అంతకు ముందే వచ్చింది. ఇదే కోవకు చెందిన లోర్కైనైడ్‌పై 1980లో వందమంది లోపు రోగులతో చిన్న పరీక్ష జరిగింది. మందు తీసుకున్నవారిలో 9 మంది, తీసుకోనివారిలో ఒక్కరు చనిపోయారు. పరిశోధకులు దాన్ని యాదృచ్ఛికమనుకున్నారు. ఆ మందు తయారీ ఎటూ ఆగిపోయింది కాబట్టి ఫలితాలనూ పక్కన పెట్టేశారు. అవి అచ్చయింది 1993లో.

ఇక దుష్ప్రభావాలు ‘కనబడలేదు’ అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. 300 మందికి మందు ఇస్తే ఒక్కరికీ కాలేయం దెబ్బతినలేదనుకుందాం. గణాంకశాస్త్రం ప్రకారం, నూటికొకరికి ఆ ముప్పు ఉండే అవకాశాన్ని అది కొట్టిపారేయలేదు. లక్షలమంది వాడబోయే మందుకు ఇది చిన్న విషయం కాదు.

కనబడిన దుష్ప్రభావానికి ఏ పేరు పెట్టారన్నది మరో సమస్య. కుంగుబాటుతో ఉన్న టీనేజీ పిల్లలపై పరాక్సెటీన్ మందును పరీక్షించి, అది పనిచేస్తుందనీ పిల్లలు బాగానే తట్టుకున్నారనీ 2001లో ప్రకటించారు. 2015లో ఇతర పరిశోధకులు అసలు రికార్డులు తిరగేస్తే మందు పనిచేసిన దాఖలా లేదు. పైగా ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు కొన్ని ‘భావోద్వేగాల ఊగిసలాట’ అనే పద్దు కింద నమోదై ఉన్నాయి. పట్టికలో ఆ మాట చదివిన డాక్టరుకు ఒక పిల్లవాడు చనిపోవాలనుకున్నాడని ఎలా తెలుస్తుంది? అందుకే అడుగుతున్నాను. ట్రయల్‌లో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఏమైందో చెప్పే రికార్డులు, పేర్లు తీసేసి, మందు అనుమతికి వచ్చిన రోజే బయటి పరిశోధకుల చేతికి అందాలి.