కీరా, టమాటా, పుచ్చకాయ: ఒక గిన్నె మీద ఐదు అభాండాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక గిన్నె తయారవుతుంది. పుచ్చకాయ ముక్కలు, కీరా, టమాటా, కాస్త పచ్చి మామిడికాయ కోరు, పుదీనా, పైన నిమ్మరసం. పిల్లలు దాన్ని సలాడ్ అంటారు, మా అత్తయ్యగారు ముక్కలు అంటారు. బెజవాడ ఎండకి అన్నం సయించని ఆవిడ ఇష్టంగా తినేది అదొక్కటే. పోయిన వారం ఆ గిన్నెను వెనక్కి నెట్టేశారు. కారణం, కుటుంబం గ్రూపులో మా బాబాయి పంపిన సందేశం. అదే సందేశం మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది, మా అమ్మాయి స్నేహితురాలి వాళ్ళ అమ్మ దగ్గరికీ చేరింది.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పండ్లూ కూరగాయలూ కలిపి తింటే పండు పొట్టలో కుళ్ళి విషమవుతుంది. కీరా, టమాటా కలపడాన్ని ఆయుర్వేదం నిషేధించింది. బొప్పాయి మీద నిమ్మరసం పిండితే రక్తహీనత వస్తుంది. పుచ్చకాయ తిన్నాక నీళ్ళు తాగితే కలరా వస్తుంది. ఏ పండునైనా ఒంటరిగా, ఖాళీ కడుపుతో తినేవారికి వడదెబ్బ తగలదు. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

మొదటిది కుళ్ళడం సంగతి. పండు త్వరగా అరుగుతుందట, కూరగాయ నెమ్మదిగా అరుగుతుందట, అందువల్ల పండు వెనక ఇరుక్కుని కుళ్ళిపోతుందట. ఇది రాసినవారు పొట్టను మన బెజవాడ జంక్షన్ అనుకున్నట్టున్నారు, గూడ్సు బండి అడ్డం ఉంటే వెనక ఎక్స్‌ప్రెస్ ఆగిపోవడానికి. పొట్టలో వేరువేరు లైన్లు లేవు. తిన్నదంతా అక్కడ కలిసి, నలిగి, జావలా మారి కొద్దికొద్దిగా చిన్న పేగులోకి జారుతుంది. అక్కడ క్లోమం నుంచి వచ్చే రసంలో పిండి పదార్థాన్నీ, మాంసకృత్తులనూ, కొవ్వునూ విడగొట్టే ఎంజైములు మూడూ కలిసే వస్తాయి.

పైగా కుళ్ళాలన్నా పులవాలన్నా సూక్ష్మజీవులు పెరగాలి, వాటికి తీరిక కావాలి. ఇడ్లీ పిండి పులవడానికి మే నెలలో కూడా కొన్ని గంటలు పడుతుంది. అది కూడా వెచ్చని గిన్నెలో, ఎవరూ కదపకుండా ఉంచితేనే. పొట్టలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఖాళీగా ఉన్నప్పుడు దాని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 1.5 నుంచి 3.5. నిమ్మరసమంత పులుపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అక్కడ గంటా రెండు గంటల్లో పుచ్చకాయ ముక్క కుళ్ళి విషం కావడమన్నది జరిగే పని కాదు.

ఇలా విడదీసి తినమనే సిద్ధాంతం మన తాతముత్తాతలదని సందేశంలో ధ్వని. దీన్ని గట్టిగా ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు విలియం హోవర్డ్ హే అనే అమెరికా వైద్యుడు, అదీ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో. పిండి పదార్థాలూ మాంసకృత్తులూ ఒకే పూట తినకూడదన్నాడు. ఆయన మాట వింటే పప్పన్నం మానేయాలి. ఆ మాటకొస్తే కందిపప్పు ఒక్కటే తిన్నా తప్పే, ఎందుకంటే ఆ గింజలోనే పిండీ ఉంది, మాంసకృత్తులూ ఉన్నాయి. దాన్ని విడదీసి వండగల ఇల్లాలు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

ఇక కీరా, టమాటా. అత్తయ్యగారు బెదిరింది దీనికే, ఆయుర్వేదం పేరు ఉంది కాబట్టి. విరుద్ధాహారం అనే విషయం ఆయుర్వేదంలో ఉన్న మాట నిజం. చరక సంహితలో పాలూ చేపలూ కలిపి తినవద్దని ఉంది, పాలతో పుల్లని పండ్లు వద్దని ఉంది, తేనె నెయ్యి సమపాళ్ళలో కలపవద్దని ఉంది. కానీ టమాటా ప్రస్తావన అందులో ఉండే వీలే లేదు. టమాటా పుట్టిల్లు అమెరికా ఖండం. పదహారో శతాబ్దంలో అది ఐరోపా చేరింది, ఆ తర్వాతే సముద్రం మీద మన దేశానికి వచ్చింది. చరకుడు చూడని కాయను చరకుడు ఎలా నిషేధిస్తాడు? మన పెద్దవాళ్ళు దాన్ని రామములగ అనీ, కొన్నిచోట్ల సీమవంగ అనీ పిలిచేవారు. సీమ అన్న మాటలోనే పరాయి సరుకన్న గుర్తు ఉంది. కొత్తగా వచ్చింది కాబట్టే ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో తద్దినం వంటలోకి దాన్ని రానివ్వరు. అత్తయ్యగారికి ఇది గుర్తుచేస్తే, "అవును, మా పుట్టింట్లోనూ వాడేవారు కాదు" అన్నారు. సగం పని అక్కడే అయింది.

అయితే ఈ కీరా భయం వెనక చిన్న నిజం ఒకటి ఉంది. కీరా కోసినప్పుడు తెగిన కణాల్లోంచి ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము బయటపడుతుంది. అది గాలిలోని ఆక్సిజన్ సాయంతో విటమిన్ సిని మార్చేస్తుంది. పక్కన టమాటా ముక్కలుంటే వాటిలోని విటమిన్ కూడా కొంత తగ్గుతుంది. ఎవరో ఈ ముక్కను ఎక్కడో చదివి, తగ్గుతుంది అన్నదాన్ని విషమవుతుంది అని రాసేశారు. తగ్గడం వేరు, విషం కావడం వేరు. మారిన విటమిన్‌ను కూడా శరీరం కొంతవరకు మళ్ళీ విటమిన్ సిగా మార్చుకోగలదు. పులుపు తగిలితే ఆ ఎంజైము మందగిస్తుంది. కాబట్టి కీరా కోయగానే ముందు దానిమీద నిమ్మకాయ పిండి, తర్వాత టమాటా కలిపితే సరిపోయే. కోసి గంటల తరబడి ఉంచకుండా తింటే ఆ నష్టం ఇంకా తగ్గుతుంది.

అసలు దోసకాయ టమాటా పచ్చడి ఎరగని ఇల్లు ఇటువైపు ఎక్కడుంది? కీరాకీ మన పసుపుపచ్చ దోసకాయకీ ఉన్నది దగ్గరి చుట్టరికమే. ఉగాది పచ్చడిలో మామిడికాయ, అరటిపండు, వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, ఉప్పు, కారం ఒకే గిన్నెలో కలుస్తాయి. శ్రీరామనవమి వడపప్పులో నానిన పెసరపప్పుతో కొబ్బరి, మామిడికాయ తురుము, కొందరి ఇళ్ళల్లో కీరా ముక్కలూ పడతాయి. వేసవి సలాడ్ అంటే అదే కదా, పేరు మార్చుకుని పండగపూట వస్తుంది. గుంటూరులో బడి గేటు దగ్గర మామిడికాయ ముక్కలకీ జామకాయకీ ఉప్పుకారం అద్దుకుని తిన్నవాళ్ళం, మనకా ఈ బెదిరింపులు?

ఏది పండు, ఏది కూరగాయ అన్న గీత కూడా గట్టిది కాదు. గింజలు లోపల పెట్టుకున్న కాయలు కాబట్టి వృక్షశాస్త్రం లెక్కలో టమాటా, కీరా రెండూ పండ్లే. పన్ను విషయంలో గొడవ వచ్చి 1893లో అమెరికా సుప్రీంకోర్టు టమాటాను కూరగాయ కింద లెక్కించింది. కోర్టు చెప్పినంత మాత్రాన మన జీర్ణరసాలు దాన్ని వేరుగా చూడవు.

బొప్పాయి, నిమ్మరసం సంగతి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. కాయగూరలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది, నిమ్మరసంలో ఉన్నది అదే. రక్తహీనత ఉన్నవారికి నిమ్మకాయ పిండుకోమని చెబుతారు గానీ, మానమని కాదు.

పుచ్చకాయ మీద నీళ్ళు, కలరా. పుచ్చకాయలో నూటికి సుమారు 92 పాళ్ళు నీళ్ళే. నీటితో పడకపోతే అది తనతో తానే పోట్లాడుకోవాలి. కలరా తెచ్చేది ఒక సూక్ష్మజీవి, అది కలుషితమైన నీటి ద్వారా, తిండి ద్వారా వస్తుంది. జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ దాన్ని 1884లో మన కలకత్తాలోనే విడిగా పెంచి చూపించాడు. ఈ అపోహ ఎక్కడ పుట్టి ఉంటుందో మాత్రం ఊహించగలను. కోసిన పుచ్చకాయ మీద తాజాగా కనబడాలని మురికి నీళ్ళు చల్లేవారుంటారు, పక్కన కుండలో నీళ్ళూ అలాంటివే అయి ఉంటాయి. జబ్బు చేస్తే తప్పు జోడీది అయింది. కడుపు నిండా పుచ్చకాయ తిని పైన చెంబెడు నీళ్ళు తాగితే పొట్ట బరువుగా ఉంటుంది, అంతే.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఐదోది. పైవన్నీ నమ్మినా పోయేది ఒక గిన్నె ముక్కలు. పండు ఒంటరిగా తింటే వడదెబ్బ తగలదని నమ్మితే పోయేది ప్రాణం. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయనే నేల ఇది. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు ఎంతమంది పోయారో ఇక్కడ అందరికీ గుర్తే. చెమటతో నీళ్ళే కాదు, ఉప్పు కూడా పోతుంది. పండ్లలో పొటాషియం ఉంటుంది గానీ సోడియం చాలా తక్కువ. అందుకే ఓఆర్ఎస్ పొడిలో ఉప్పు ఉంటుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, పొటాషియం క్లోరైడు, సిట్రేటు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మన పాత ఉపాయం. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. అప్పుడు 108కి ఫోను చేయాలి, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో పండు ముక్క కాదు కదా, నీటి చుక్క కూడా పోయకూడదు.

నిజంగా భయపడాల్సినవి మూడున్నాయి, ఇంత పొడుగు సందేశంలో వాటిలో ఒక్కటీ లేదు. మొదటిది చేదు. మా అమ్మమ్మ దోసకాయ కోయగానే చివరి ముక్క నాలుక మీద పెట్టుకుని చూసేది, చేదుంటే కాయ మొత్తం అవతల పారేసేది. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాల వల్ల వస్తుంది. వండినా పోవు, వాంతులూ విరేచనాలూ పెడతాయి. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు కూడా. ఎవరూ పదిమందికి పంపని జాగ్రత్త అది.

రెండోది చాకు. పుచ్చకాయ, కర్బూజ తొక్క తీసే కాయలు కదా అని కడగకుండా కోస్తాం. తొక్క మీదిదంతా చాకుతో పాటు గుజ్జులోకి దిగుతుంది. 2011లో అమెరికాలో కర్బూజల వల్ల లిస్టీరియా అనే సూక్ష్మజీవి సోకి 33 మంది చనిపోయారు.

మూడోది గడియారం. కోసిన పండును మామూలు వాతావరణంలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచవద్దని అమెరికా ఆహార భద్రతా నిపుణుల సూచన. మనకు మే నెలంతా పగలు 32 దాటే ఉంటుంది. రెండేళ్ళ కిందట బస్టాండు దగ్గర ఒక బండి మీద కప్పులో అమర్చిన ముక్కలు కొనుక్కుని తిన్నాను. అనాస, కీరా, బొప్పాయి, కింద ఐసు గడ్డ. రెండు రోజులు మంచం దిగలేదు. పక్కింటావిడ "అనాసలో కీరా కలిపారు, అందుకే" అని తేల్చేశారు. నా అనుమానం మాత్రం ఆ ఐసు మీద. ముక్కలు పొద్దున ఎప్పుడు కోశారో కూడా నేను అడగలేదు.

మూత్రపిండాల జబ్బున్నవారు పొటాషియం గురించీ, చక్కెర వ్యాధి ఉన్నవారు పండ్ల మోతాదు గురించీ తమ వైద్యుణ్ణి అడగాలి. అది కలపడం వల్ల వచ్చిన చిక్కు కాదు, ఎంత తింటున్నామన్నదే ప్రశ్న.

శనివారం పొద్దున రైతు బజారు నుంచి రెండు కీరాలు, చిన్న పుచ్చకాయ, పుల్లటి మామిడికాయ తెచ్చాను. కాయలన్నీ కడిగి, కీరా చివర రుచి చూసి, కోసి నిమ్మరసం పిండాను. టమాటా, మామిడి కోరు, పుదీనా, సన్నగా తరిగిన ఉల్లిపాయ, గుప్పెడు నానిన పెసరపప్పు కలిపాను. పుచ్చకాయ ఆఖరున. ఉప్పు మాత్రం పళ్ళెంలో వడ్డించాకే, ముందు వేస్తే ముక్కల్లోని నీరంతా ఊరి గిన్నె చారైపోతుంది. అత్తయ్యగారు కాసేపు చూసి, "వడపప్పులాగే ఉందే" అని చెంచా తీసుకున్నారు. ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెం అంచున పెట్టారు. ఆవిడ శనివారాలు ఉల్లి తినరని నేనే మర్చిపోయాను.